అల్లిక ఎవరిది?

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో అంకితం ఇలా ఉంటుంది: "నన్ను చదివించిన గృహిణి, మా అమ్మకు." అది రాసిన రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది. స్త్రీల ఆత్మకథల మీద అయిదేళ్ళు పనిచేసి, స్త్రీల అనుభవాన్ని చరిత్ర ఎలా చెరిపేస్తుందో మూడు వందల పేజీల్లో రాశాను. ఆ చెరిపివేత నా మొదటి పేజీలోనే ఉందని మాత్రం తట్టలేదు.

మా అమ్మ లేసు అల్లేది. మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మమ్మ అల్లేది, పెద్దమ్మలు అల్లేవారు, పక్కింటి అత్తలు అల్లేవారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద వరసగా కూర్చుని, మాటలు మాటల్లోనే ఉండగా, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చేవాడు, లేసు తూకం వేసి తీసుకునేవాడు. తూకం తగ్గితే డబ్బులు కోసేవాడు. నా డిగ్రీ ఫీజు, హైదరాబాదులో మొదటి ఏడాది హాస్టల్ ఖర్చు ఆ లేసు డబ్బులే. అయినా ప్రతి అప్లికేషన్ ఫారంలో 'తల్లి వృత్తి' అన్న గడిలో 'గృహిణి' అని నింపింది ఎవరో కాదు, నేనే. నా చేతిరాతతోనే.

ఈ వ్యాసం ఆ గడి గురించి. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదవడం వల్ల ఆ గడి నాకు మళ్ళీ కనిపించింది. ఒకటి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్', 1982లో వచ్చింది. రెండోది కాస్ట్యూమ్ డిజైనర్ భాను అథైయా రాసిన 'ద ఆర్ట్ ఆఫ్ కాస్ట్యూమ్ డిజైన్', 2010లో వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చదవాలని ఎవరూ చెప్పరు. ఒకటి రాజకీయార్థిక శాస్త్రం అలమరలో ఉంటుంది, ఇంకొకటి సినిమా పుస్తకాల దగ్గర. కానీ రెండింట్లోనూ ఉన్నవి దారం, సూది, గుడ్డ, ఆడవాళ్ళ చేతులు.

మీస్ పుస్తకాన్ని నేను మొదట చూసింది యూనివర్సిటీ లైబ్రరీలో. అట్ట మీద మా ఊరి పక్క ఊరి పేరు చూసి ఉలిక్కిపడ్డాను. అంతవరకూ పుస్తకాల్లో మా ప్రాంతం అంటే గోదావరి, కాలవలు, వరిచేలు, కొబ్బరి చెట్లు, జమీందార్లు. లేసు అల్లే ఆడవాళ్ళు ఒక పుస్తకానికి సరిపోతారని నాకు తెలీదు. ఆ రాత్రే చదివేశాను.

1970ల చివర్లో ఆమె మా ప్రాంతంలో తిరిగి గమనించిన విషయం సూటిగా చెప్పాలంటే ఇది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో కొత్తగా క్రైస్తవంలో చేరిన పేద స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. తర్వాత అది ఇతర కులాల్లోకి, ముఖ్యంగా ఆడవాళ్ళు గడప దాటకపోవడాన్ని గౌరవంగా భావించే కాపు కుటుంబాల్లోకి పాకింది. సరుకు విదేశాలకు పోతుంది. ఎగుమతిదారులు, వ్యాపారులు, ఏజెంట్లలో అత్యధికులు మగవాళ్ళు. అల్లేవాళ్ళంతా ఆడవాళ్ళు. రోజుకి ఆరేడు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అల్లినా, వాళ్ళని అందరూ అనే మాట 'ఇంట్లో ఉండే ఆడవాళ్ళు'. చేసేది 'తీరిక వేళ పని'. అలా అనుకోవడం వల్లే కూలి అంత తక్కువ. పొలం పనికి వెళ్ళే స్త్రీకి వచ్చేదానికన్నా నీడపట్టున లేసు అల్లే స్త్రీకి వచ్చేది తక్కువ. అయినా ఆమె తనని తాను పొలానికి వెళ్ళే స్త్రీకన్నా ఒక మెట్టు పైన అనుకుంటుంది. ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేసే కార్మికురాలిని గృహిణిగా మార్చేయడం అనే ఈ ప్రక్రియకు మీస్ ఒక పేరే పెట్టింది. 'గృహిణీకరణ' అని మనం చెప్పుకోవచ్చు.

తర్వాత స్త్రీవాద అర్థశాస్త్రంలో ఈ మాట ఎంత దూరం ప్రయాణించిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. 2023 మే నెలలో మీస్ మరణించినప్పుడు ప్రపంచంలో ఎన్నో చోట్ల ఆమెను తలుచుకున్నారు. ఆ సిద్ధాంతానికి పునాది వేసిన వాళ్ళు మా అమ్మమ్మ తరం వాళ్ళు, అరుగుల మీద.

మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి, మన లేసు పని మీద జర్మనీ ఆవిడ పుస్తకం రాసిందని చెప్పాను. అమ్మ నవ్వింది. "దానికో పుస్తకమా? ఆవిడకేం పన్లేదేంటే?" అంది. కాసేపాగి, "తీరిక పని అంటారు గానీ, మాకు తీరికెక్కడేడ్చింది? అన్నం తినే తీరిక లేక అల్లేవాళ్ళం" అంది. మీస్ అధ్యాయాలుగా రాసింది అమ్మ అలా రెండు ముక్కల్లో తేల్చేసింది.

నిజానికి నేను అక్కడితో ఆగిపోవచ్చు. అదృశ్య శ్రమ, దోపిడీ, పితృస్వామ్యం అని ఒక వ్యాసం రాసి సెమినార్లో చదవచ్చు. చదివాను కూడా. కానీ మీస్ పుస్తకాన్ని రెండోసారి చదువుతుంటే ఒక లోటు కనిపించడం మొదలైంది. అందులో గంటలు ఉన్నాయి, కూలి ఉంది, లాభం ఉంది, కులం ఉంది, పని ఎన్ని ముక్కలుగా విడిపోయిందో ఉంది. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అతుకుతారు. చివరికి మొత్తం వస్తువుని ఒక్క చేత్తో చేసినవాళ్ళంటూ ఉండరు. ఇదంతా నిజం. కానీ ఆ పువ్వుని మొదట ఎవరు ఊహించారు? ఎన్ని కొక్కేలు వేస్తే రేకు ముడుచుకోకుండా విచ్చుకుంటుందో ఎవరు కనిపెట్టారు? అది ఆ పుస్తకం వేసుకున్న ప్రశ్న కాదు. వేసుకోలేదని తప్పు పట్టడం లేదు. ఆకలి గురించి రాస్తున్నవాళ్ళని రుచి గురించి అడగడం న్యాయం కాదు. కానీ సాహిత్యం చదువుకున్నదాన్ని, నాకు ఆ ప్రశ్న వేసుకోక తప్పదు. ఒక పద్యంలో శ్రమ ఎంత ఉందో చెప్పి, కల్పన ఎవరిదో అడగకుండా మనం ఏ కవినీ వదిలిపెట్టం కదా!

ఇక్కడే భాను అథైయా దగ్గరకి వచ్చాను.

కొల్హాపూర్లో 1929లో పుట్టిన భానుమతి రాజోపాధ్యే తండ్రి చిత్రకారుడు. ఆమె చిన్నతనంలోనే ఆయన పోయారు. ఆమె బొంబాయి వచ్చి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, బంగారు పతకం తెచ్చుకుంది. 1953లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ ప్రదర్శనలో ఆమె చిత్రాలున్నాయి. ఆ బృందంతో కలిసి ప్రదర్శించిన ఏకైక స్త్రీ ఆమె. హుస్సేన్, సూజా, రజా పేర్లు కళాచరిత్రలో నిలిచిపోయాయి. భాను మాత్రం స్త్రీల పత్రికలకు ఫ్యాషన్ బొమ్మలు గీసి, అక్కణ్ణించి దుస్తులు కుట్టించే పనిలోకి, అక్కణ్ణించి సినిమాల్లోకి వెళ్ళింది. 1956లో వచ్చిన 'సి.ఐ.డి.' తర్వాత గురుదత్ సినిమాలు వరసగా. వందకి పైగా సినిమాలు. 1983 ఏప్రిల్‌లో 'గాంధీ' సినిమాకి జాన్ మోలోతో కలిసి ఆస్కార్ అందుకుంది. భారతీయుల్లో మొదటి ఆస్కార్ అదే.

ఈ కథని మన పత్రికలు ఎప్పుడూ విజయగాథగా చెప్తాయి. నాకది ఒక ప్రశ్నగా కనిపిస్తుంది. చిత్రకళ నుంచి బట్టల్లోకి వెళ్ళడాన్ని 'దిగిపోవడం'గా చూసే చూపు ఎక్కణ్ణించి వచ్చింది? గుడ్డ మీద రంగుతో గీస్తే కళ. అదే గుడ్డని కత్తిరించి ఒక మనిషి ఒంటి మీద నిలబెడితే 'డ్రెస్సులు కుట్టించడం'. రోజికా పార్కర్ 1984లో 'ద సబ్‌వర్సివ్ స్టిచ్' అనే పుస్తకంలో యూరప్ ఎంబ్రాయిడరీ చరిత్ర రాస్తూ ఈ విభజన ఎలా తయారైందో చూపించింది. కళ, చేతిపని అన్న అంతరం పెరిగిన క్రమమూ, ఎంబ్రాయిడరీ 'ఆడతనం'గా మారిన క్రమమూ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయని ఆమె వాదన. ఆ అంతరం మన దగ్గర కులంతో కూడా ముడిపడింది. నేసేవాళ్ళు, అద్దేవాళ్ళు, కుట్టేవాళ్ళు మనకి 'పనివాళ్ళు'. వాళ్ళకి కులం పేరు ఉంటుంది గానీ కళాకారుడన్న పేరు ఉండదు.

అధికారిక గుర్తింపు చరిత్ర చూసినా ఇదే తెలుస్తుంది. 1929లో మొదలైన ఆస్కార్ బహుమతుల్లో కాస్ట్యూమ్ డిజైన్‌కి చోటు దొరికింది 1949లో. ఇరవై ఏళ్ళపాటు తెర మీద తారలు కట్టుకున్నవన్నీ వాటంతట అవే వచ్చాయన్నమాట! మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో కాస్ట్యూమ్ డిజైన్ విభాగం మొదలైంది 1984 సినిమాలతో. అంటే ఒక భారతీయ స్త్రీ ఆస్కార్ తెచ్చేనాటికి ఆమె సొంత దేశంలో ఆ పనికి ఇవ్వడానికి ఒక బహుమతే లేదు. తర్వాత 'లేకిన్'కి, 'లగాన్'కి ఆమె జాతీయ పురస్కారాలు అందుకుంది.

ఆమె పనిని ఒక పాఠంలా చదివితే ఏం కనిపిస్తుంది? 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్'లో మీనాకుమారి వేసిన ఛోటీ బహూ పాత్రని తీసుకోండి. బెంగాల్ జమీందారీ ఇంట్లో, ఎంతకీ రాని భర్త కోసం అలంకరించుకునే స్త్రీ. చీర, నగలు, బొట్టు అన్నీ ఉన్నాయి, చూసే మనిషి లేడు. ఆ అలంకరణ ఆమె మీద అందంగా ఎంత పేరుకుంటే అంత జైలులా కనిపిస్తుంది. మనం ఈ సినిమా గురించి రాసినప్పుడు కథని, దర్శకత్వాన్ని, మీనాకుమారి నటనని మెచ్చుకుంటాం. ఆ స్త్రీ బందిఖానా మన కంటికి మొదట చేరింది గుడ్డ ద్వారానే అన్నది రాయం. 'గాంధీ'లోనూ అంతే. దక్షిణాఫ్రికాలో సూటు వేసుకున్న బారిస్టరు కొల్లాయి దగ్గరకి వచ్చే ప్రయాణం ఆ సినిమా కథ. 1921 సెప్టెంబరులో మదురైలో గాంధీ కొల్లాయి కట్టడం ఒక రాజకీయ ప్రకటన. దాన్ని తెర మీద చెప్పాలంటే ఖద్దరు కొత్తదిగా ఉండకూడదు, ఉతికి ఉతికి వాడినట్టు ఉండాలి. చుట్టూ ఉన్న వేలమంది ఏ ప్రాంతం వాళ్ళో, ఏ తరగతి వాళ్ళో కట్టులోనే తెలియాలి. దీనికి కావలసింది చరిత్ర పరిజ్ఞానం. 'ఆమ్రపాలి' కోసం ఆమె అజంతా చిత్రాలను ఆధారం చేసుకుంది. అథైయా పుస్తకం నిండా ఈ పరిశోధన ఉంది. సినిమా సినిమాకీ ఏం చదివిందో, ఎక్కడికి వెళ్ళిందో, ఏం గీసిందో బొమ్మలతో సహా ఉంది. ఒక స్త్రీ తన పనిని తాను భద్రపరుచుకుంటున్న ఆత్మకథగా నేను దాన్ని చదివాను. నా సిద్ధాంత గ్రంథంలో ఆ పుస్తకానికి చోటివ్వలేదు, ఎందుకంటే అది 'సాహిత్యం' కాదు!

2012లో ఆమె తన ఆస్కార్ బొమ్మని అకాడెమీకే భద్రపరచమని తిరిగి పంపేసింది. తన తర్వాత అది ఇక్కడ క్షేమంగా ఉంటుందన్న నమ్మకం లేకపోయింది. 2004లో శాంతినికేతన్ నుంచి టాగోర్ నోబెల్ పతకం దొంగతనం అయిన సంగతిని ఆమె గుర్తుచేసింది. 2020 అక్టోబరులో ఆమె మరణించింది. తర్వాత ఆమె తొలినాళ్ళ చిత్రాలు వేలంలోకి వచ్చినప్పుడు, ఆమె చిత్రకారిణి కూడానని చాలామంది కొత్తగా తెలుసుకున్నారు.

అయితే ఈ పుస్తకం చదువుతున్నప్పుడు నన్ను ఇంకో ప్రశ్న వెంటాడింది. కాగితం మీద గీసిన బొమ్మ గుడ్డగా మారే లోపల ఎన్ని చేతులు మారుతుంది? కత్తిరించేవాళ్ళు, కుట్టేవాళ్ళు, రంగులద్దేవాళ్ళు, జరీ పని చేసేవాళ్ళు, అద్దాలు కుట్టేవాళ్ళు. సినిమా పోస్టరు మీద డిజైనర్ పేరు రావడానికే ఇంత కాలం పట్టింది. ఈ చేతుల పేర్లు ఎప్పటికి వస్తాయి? మీస్ పుస్తకంలో పని ఉంది, కళాకారిణి లేదు. అథైయా పుస్తకంలో కళాకారిణి ఉంది, ఆమె వెనక పనిచేసినవాళ్ళు ఆ వెలుగుకి అవతల ఉన్నారు. ఈ రెండు పుస్తకాల మధ్య ఖాళీలో మా అమ్మ ఉంది.

ఎందుకంటే మా అమ్మకి ఒక డిజైను ఉంది.

ఈ సంగతి నాకు తెలిసింది మొన్న మొన్న. అథైయా పుస్తకంలో బొమ్మలు చూపిస్తుంటే అమ్మ శ్రద్ధగా చూసి, "ఈవిడ గీసి ఇచ్చేదన్నమాట. నేనైతే చేత్తో అల్లే చూపించేదాన్ని" అంది. ఏం అల్లి చూపించావని అడిగితే అప్పుడు చెప్పింది. నేను పుట్టకముందు ఒక ఎండాకాలం, దొడ్లో నందివర్ధనం పువ్వు చూసి, ఆ రేకుల ఒంపు లేసులో వస్తుందా అని మూడు రోజులు అల్లి, విప్పి, అల్లి, చివరికి సాధించింది. ఏజెంటు చూసి, బావుంది మచ్చుగా ఇమ్మని పట్టుకెళ్ళాడు. తర్వాత సీజనుకి చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ పువ్వే అల్లుతున్నాయి. అమ్మకీ దారం తెచ్చి ఇచ్చారు, అందరితో పాటే, అదే కూలికి.

"అది నా పువ్వని చెప్పలేదా అమ్మా?"

"ఎవరికి చెప్తాం? మీ నాన్నకి చెప్తే, అయితే ఏంటంట అన్నారు. పువ్వు పువ్వే గదా, దేవుడు పుట్టించింది అన్నాడు ఏజెంటు."

దేవుడు పుట్టించిన పువ్వు మీద మన ప్రబంధ కవులు ఎన్ని పద్యాలు రాయలేదు! ఆ పద్యాలు దేవుడివని ఏ విమర్శకుడైనా అన్నాడా? తెలుగులో కవిత్వాన్ని పొగడడానికి మనకున్న పాత మాటల్లో ముఖ్యమైనది 'అల్లిక'. అల్లసాని పెద్దన అల్లిక గురించిన మాట బళ్ళో చదువుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. కథ అల్లుతాం, పాట కడతాం. సూత్రం అంటే దారం. నాటకాన్ని నడిపేవాడు సూత్రధారుడు. గ్రంథం అన్న మాటలోనే ముడి వేయడం, కూర్చడం ఉంది. సాహిత్యం తన గౌరవమైన పదజాలాన్నంతా చేతిపని దగ్గర అప్పు తెచ్చుకుంది, అప్పిచ్చినవాళ్ళని మాత్రం అరుగు మీదే కూర్చోబెట్టింది. నా సిద్ధాంత గ్రంథంలో 'కథనపు అల్లిక' అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఒక్కసారి కూడా అమ్మ చేతులు గుర్తు రాలేదు.

మన స్త్రీవాద విమర్శ కూడా దీనికి మినహాయింపు కాదు. అబ్బూరి ఛాయాదేవి గారు పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసేవారని ఆవిడని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. పారేసే వస్తువులోంచి ఒక స్త్రీ ఆకారాన్ని బయటికి తీయడానికీ, 'బోన్‌సాయ్ బ్రతుకు' లాంటి కథ రాయడానికీ మధ్య సంబంధం ఏమీ లేదా? కుండీలో కుదించిన చెట్టులో స్త్రీ జీవితాన్ని చూసిన ఆ కన్నే కదా బొమ్మల్లోనూ పనిచేసింది. కానీ ఆవిడ మీద నేను రాసిన వ్యాసంలో బొమ్మలు చివరి పేరాలో, 'అభిరుచులు' అన్న మాట కింద వచ్చాయి. అంటే నా విమర్శలో కూడా 'తీరిక వేళ పని' గడి అలాగే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, నాకూ వచ్చింది. పూటకి సరిపడా కూలి లేని స్త్రీని 'కళాకారిణి' అంటే ఆమెకి ఒరిగేదేమిటి? పొగడ్తతో పొట్ట నిండదు. మీస్ వింటే మందలించేదేమో కూడా. కానీ అమ్మ కథనే మళ్ళీ చూడండి. ఆ పువ్వుకి ఆమె పేరు లేకపోవడం, ఆమెకి అదనంగా రూపాయి రాకపోవడం వేర్వేరు విషయాలు కావు. మచ్చు 'ఎవరిదో' అయినప్పుడే ఏజెంటు దాన్ని ఊరికే పట్టుకెళ్ళగలడు. అథైయాకి తెర మీద పేరు పడింది కాబట్టే తన పనికి తాను ధర చెప్పగలిగింది. పేరు గౌరవానికే కాదు, బేరానికి కూడా కావాలి. కాలక్షేపం అన్న మాట ముందు పేరుని తీసేస్తుంది, ఆ తర్వాత ధరని తగ్గిస్తుంది.

నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాను. యంత్రాల మీద తయారైన చవక లేసు పోటీలో చేతి లేసుకి అది కొంత రక్షణ. కానీ 1999 నాటి ఆ చట్టం కాపాడేది ఒక ప్రాంతం పేరుని, ఆ ప్రాంతపు ఉత్పత్తిదారుల ఉమ్మడి హక్కుని. ఒక్కొక్క పువ్వు వెనక ఉన్న ఒక్కొక్క స్త్రీ పేరు దాని పరిధిలోకి రాదు. నరసాపురం అన్న పేరు మిగులుతుంది, పువ్వుని ఊహించినవాళ్ళు మిగలరు. ఆ పని చట్టం చేయలేదు. చరిత్ర రాసేవాళ్ళు చేయాలి, అంటే మనం.

ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్విరిడే యూజ్' కథ గుర్తొస్తుంది. చదువుకుని పట్నం వెళ్ళిన కూతురు డీ ఇంటికొచ్చి, అమ్మమ్మ కాలం నాటి బొంతలు తనకి కావాలంటుంది, గోడకి తగిలించుకోవడానికి. ఇంట్లోనే ఉన్న చెల్లెలు మ్యాగీకి వాటిని కప్పుకోవడం తెలుసు, అలాంటివి కుట్టడమూ తెలుసు. తల్లి బొంతలు మ్యాగీకే ఇస్తుంది. ఈ కథని ఎన్నిసార్లో పాఠం చెప్పాను. ప్రతిసారీ డీని విమర్శించాను. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తుంటే భయం వేస్తోంది. యూనివర్సిటీ నుంచి వచ్చి, అమ్మ లేసుని వ్యాసంగా మార్చి గోడకి తగిలిస్తున్న డీని నేనే కాదు గదా? నాకు లేసు అల్లడం రాదు. నేర్చుకోనివ్వలేదు. "నువ్వు చదువుకో, ఈ చాకిరీ నీకెందుకు" అనేది అమ్మ. నన్ను ఆ పని నుంచి తప్పించడానికే ఆమె ఆ పని చేసింది. అందుకే దాన్ని వృత్తి అని రాయడం నాకు ఇంత కష్టమైందేమో. ఏది దాటితే నేను నేనయ్యానో, దాన్ని గౌరవించడం ఎలాగో మనకి ఏ సిద్ధాంతమూ తిన్నగా చెప్పదు.

భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. అమ్మమ్మకి లేసు ఎవరు నేర్పారని అమ్మని అడిగాను. దొరసానులు నేర్పారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. అమ్మ కొంచెం ఇబ్బంది పడి, "దొరసాని మనింటికెందుకొస్తుందే? పేటలోంచి ఒకావిడ వచ్చేది. వీధి మెట్టు మీద కూర్చుని నేర్పేది. మీ అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చూసి పట్టుకుంది" అంది. ఆవిడ పేరేమిటన్నాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అప్పుడు నేను చిన్నదాన్ని. పేరుపెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. 'లేసామె' అనేవారు" అంది.

గురువు మెట్టు మీద, శిష్యురాలు అరుగు మీద! అమ్మ పువ్వుని ఏజెంటు అనామకం చేశాడని నేను కోపం తెచ్చుకున్నాను. ఆ పువ్వు అల్లే విద్యనే అనామకంగా తెచ్చుకున్నాం మేము. మా ఇంటి గౌరవం అనుకున్నదానికి ఒక దళిత క్రైస్తవ స్త్రీ పేరు బలయింది. మీస్ కులం గురించి రాసిన పేజీలు చదివి తలూపిన నేను, ఆ మెట్టు మా ఇంటి మెట్టేనని తెలుసుకోవడానికి పదేళ్ళు పట్టింది. స్త్రీల అల్లికకి పేరు కావాలని అడిగేటప్పుడు ఏ స్త్రీల పేర్లు అన్నది కూడా అడగకపోతే, మనమూ ఆ ఏజెంటు పనే చేస్తాం.

అందుకని ఒక పని చేయవచ్చు అనిపిస్తోంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ళ నోటనే వినిపించారు. ఆ పద్ధతి మన చేతిలో ఉంది. లేసు అల్లినవాళ్ళ దగ్గర, లంబాడీ కుట్టు కుట్టే స్త్రీల దగ్గర, కలంకారీ అద్దకాల్లో పనిచేసే స్త్రీల దగ్గర, సినిమా కంపెనీలకి పూసలు కుట్టిచ్చే వాళ్ళ దగ్గర కూర్చుని, ఎంత కూలి వచ్చిందని అడిగినట్టే, నువ్వు కొత్తగా కనిపెట్టింది ఏమిటని కూడా అడుగుదాం. మొదటి ప్రశ్న మీస్ నుంచి, రెండోది అథైయా నుంచి. నీకు నేర్పింది ఎవరు అన్న మూడో ప్రశ్న మన నుంచి. వాళ్ళ డిజైన్ల పక్కన వాళ్ళ పేర్లు రాద్దాం. వాళ్ళు ఒప్పుకుంటేనే.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా తెచ్చే ప్రయత్నంలో ఉన్నాను. అంకితం మార్చాను. "లేసు డిజైనర్, నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మా అమ్మకు, ఆ విద్య మా ఇంటికి తెచ్చిన, మేం పేరు అడగని ఆమెకు." ఫోన్లో చదివి వినిపించాను. అమ్మ మొదట వద్దంది. "అవన్నీ రాస్తే నవ్విపోతారే" అంది. తర్వాత ఈ వ్యాసం కూడా చదవమంది. నందివర్ధనం దగ్గరకి వచ్చేసరికి ఆపింది.

"ఎన్ని రేకులని రాశావు?"

రాయలేదన్నాను.

"రాయి మరి. నందివర్ధనానికి అయిదు రేకులు. కానీ లేసులో అయిదు వేస్తే గుండ్రం కుదరదు, గుడ్డ ఓ పక్కకి లాగేస్తుంది. నేను ఆరు వేశాను. చూసినవాళ్ళకి అయిదే అనిపిస్తుంది. అదే అందులో పని."